కుడివైపు గడి

"అంటే, నేను అబద్ధం రాశానంటారా సార్?"

"ఆ మాట నేననలేదమ్మా. పిల్లలు ఇలా మాట్లాడరు అంటున్నాను."

"మాట్లాడారు కాబట్టే రాశాను."

"ఇరవై రెండేళ్లుగా ఈ పాఠాల రికార్డులు దిద్దుతున్నాను. మూడో తరగతి పిల్లను నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయని అడిగితే 'బావుల నుంచి, నదుల నుంచి, వర్షం నుంచి టీచర్' అంటుంది. మీ దాంట్లో ఏముంది? మీరే చదవండి. గట్టిగా చదవండి."

లోపల కాగితాలు తిప్పిన చప్పుడు. తరవాత వదిన గొంతు, వార్తలు చదివినంత తాపీగా: "'కింది వాటా ఆంటీ మోటారు వేస్తే వస్తాయి. ఆంటీకీ మా అమ్మకీ గొడవైన రోజు రావు.'"

బయట వరండాలో నిలబడ్డ మరిదికి నవ్వు ఆగలేదు. చేతిలో చుట్టి ఉన్న చార్టును నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వదిన ఇంట్లో మరిచిపోయిన ఆ చార్టు ఇచ్చిపోదామని బండి మీద ట్రైనింగ్ కాలేజీకి వచ్చాడు. లెక్చరర్ గది దగ్గరికి చేరేసరికే లోపల యుద్ధం సగంలో ఉంది.

"ఇదీ ఒక జవాబేనా?" అన్నాడు లెక్చరర్.

"ఆ పిల్లకు తెలిసిన జవాబు అదే సార్."

"అసలు సంగతి అది కాదు. పాఠం చెప్పడానికి వెళ్లేముందే రెండు గడులూ నిండి ఉండాలి. ఎడమవైపు మీరు అడిగే ప్రశ్న. కుడివైపు పిల్లలు చెప్పే జవాబు. మీరు కుడివైపు ఖాళీగా తీసుకెళ్తున్నారు, తిరిగొచ్చాక నింపుతున్నారు. ఇది పాఠ్యపథకమా, పోలీసుల పంచనామానా?"

"వాళ్లు నోరు తెరవకముందే వాళ్లేమంటారో నాకెలా తెలుస్తుంది సార్?"

"మిగతా వాళ్లందరికీ ఎలా తెలుస్తోంది?"

ఎలా తెలుస్తోందో లోపలున్న ఇద్దరికీ తెలుసు, బయటున్న మూడో మనిషికీ తెలుసు.

లెక్చరర్ గొంతు తగ్గించాడు. తగ్గించిన గొంతే ఎక్కువ భయపెట్టేలా ఉంది. "చూడండమ్మా. నలభై పాఠాల్లో ముప్పై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోది సోమవారం. నేనే వచ్చి కూర్చుంటాను. కుడివైపు గడి ముందే నింపి నా చేతికివ్వండి. మీరు రాసిందీ పిల్లలు అన్నదీ కలిస్తే మీ మాట నమ్ముతాను. కలవకపోతే ఈ పుస్తకంలో ఒక్క పేజీకి కూడా సంతకం పెట్టను. సంతకం లేకపోతే చివరి పరీక్షకు కూర్చోలేరు. వచ్చే ఏడు మళ్లీ మొదట్నుంచి."

వదిన బయటికి వచ్చింది. మరిదిని చూసి ఆగింది.

"ఎంతసేపైంది వచ్చి?"

"మోటారు దగ్గర్నుంచి."

"నవ్వావా?"

"చార్టు అడ్డం పెట్టుకున్నా."

"అందుకే నలిపేశావు," అని చార్టు లాక్కుని, ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో రెండుసార్లు రుద్ది, క్లాసుకు వెళ్లిపోయింది.

*

వదినకు ముప్పై నాలుగేళ్లు. ట్రైనింగ్ కాలేజీలో ఆమె పక్కన కూర్చునే పిల్లలకు పంతొమ్మిదీ ఇరవై. వాళ్లు ఆమెను 'అక్కా' అంటారు, పరీక్షల ముందు మాత్రం 'అక్కా, అక్కా' అని రెండుసార్లంటారు.

అంతకుముందు పదకొండేళ్లు ఆమె పనిచేసింది ఆ కాలేజీ గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులోనే. ఏటా పరీక్షలకు ముందు ట్రైనింగ్ పిల్లలు గుంపులుగా వచ్చేవాళ్లు. ప్రతి బ్యాచిలోనూ ఒక 'తల్లి రికార్డు' ఉండేది. కిందటి బ్యాచి నుంచి వచ్చింది. దానికి కిందటిది అంతకుముందు బ్యాచి నుంచి. దాన్ని జిరాక్స్ తీయించుకుని, ఇంటికెళ్లి అందరూ సొంత దస్తూరీతో దించేవాళ్లు. దించినవి మళ్లీ బైండింగుకు వదిన దగ్గరికే వచ్చేవి. మెషీను వేడెక్కేలోగా ఆమె చదివేది. పదిహేడో పాఠంలో సాలీడుకు ఆరు కాళ్లుండేవి. పదకొండేళ్లలో ఎంతమంది టీచర్లు తయారై పోయినా ఆ సాలీడుకు మిగతా రెండు కాళ్లు మొలవలేదు. ప్రతి ఏడూ దాని పక్కన ఎర్రసిరాతో ఒక టిక్కు, ఒక సంతకం. ఆ సంతకం ఈ లెక్చరర్‌దే. మధ్యవేలి మీద ఎప్పుడూ ఎర్ర మరక ఉంటుందని పిల్లలు ఆయన్ని 'ఎర్రసిరా' అంటారు.

ఒకరోజు షాపు ఓనరుతో, "వీళ్లకంటే నేనే నయంగా చెప్తానండీ పాఠం," అంది వదిన.

"చెప్పు మరి, ఎవరొద్దన్నారు?" అన్నాడాయన. వేళాకోళానికే అన్నాడు. ఆమె మాత్రం ప్రవేశ పరీక్ష దరఖాస్తును ఆ షాపులోనే జిరాక్స్ తీసి పంపింది.

సీటు వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద చర్చే అయింది. అన్న లిఫ్టులు బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. "రెండేళ్లు నేను ఎలాగో లాగుతాను. రెండు డ్యూటీలు చేస్తాను. మూడో ఏడు మాత్రం అడగొద్దు," అన్నాడు. అన్నట్టే చేస్తున్నాడు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే నిద్రపోయిన రోజులున్నాయి. అమ్మ, అంటే వదినకు అత్త, వద్దనలేదు. వచ్చేపోయేవాళ్ల దగ్గర మాత్రం, "కోడలూ మనవరాలూ పొద్దున్నే సంచులు తగిలించుకుని బడికి పోతారు. నేనొక్కదాన్నే ఫెయిలై ఇంట్లో ఉన్నాను," అనేది.

ఇక మరిది. డిగ్రీ రెండో ఏడు మధ్యలో కాలేజీ మానేసి బండ్ల నంబరు ప్లేట్లు రాసే షాపులో చేరాడు. అన్న దృష్టిలో అతను 'సగం డిగ్రీ'. చేతిరాత మాత్రం అచ్చు గుద్దినట్టుంటుంది. వదిన చార్టులన్నీ అతనే రాసిపెట్టేవాడు. రాస్తూ రాస్తూ ఆమె రికార్డు చదివేవాడు. అతను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన పుస్తకం అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

*

టీచింగ్ ప్రాక్టీసుకు ఆమెను వేసింది రెండు వీధుల అవతలి ప్రాథమిక పాఠశాలలో. మూడో తరగతీ నాలుగో తరగతీ ఒకే గదిలో. మధ్యలో గోడ లేదు, ఒక బీరువా ఉంది. బీరువాకు ఇటు ఇరవై ఆరుమంది, అటు ముప్పైమంది. అటువైపు ఎక్కాలు మొదలుపెడితే ఇటువైపు పాఠం ఆగాల్సిందే. మూడో తరగతి టీచరు పదవీ విరమణకు దగ్గర పడిన మనిషి. ఆమెను బడి మొత్తం 'పెద్ద టీచరు' అంటుంది.

మొదటి పాఠం పక్షులు. మొదటి పాఠం కాబట్టి వదిన కూడా అందరిలాగే రెండు గడులూ నింపుకునే వెళ్లింది. ఎడమవైపు: 'పొద్దున లేవగానే మీకు ఏం వినిపిస్తుంది?' కుడివైపు: 'పక్షుల కిలకిలలు వినిపిస్తాయి టీచర్.'

అడిగింది.

"మా నాన్న దగ్గు," అంది ఒక పిల్ల.

"షట్టరు లేపే చప్పుడు టీచర్, మాది కిందే కొట్టు."

"మా ఇంట్లో నేనే ముందు లేస్తా టీచర్. ఏమీ వినపడదు."

ఏడుగురిని అడిగింది. ఒక్కరి ఇంటి దగ్గర కూడా ఒక్క పిట్ట కూయలేదు. చివరికి, "సరే, ఈరోజు మనం పక్షుల గురించి నేర్చుకుందాం," అని తనే ప్రకటించింది. వెంటనే మొదటి పిల్ల చెయ్యెత్తింది. "మరి మా నాన్న దగ్గు గురించి టీచర్?"

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కుడివైపు గడిలో ముందు రాసింది కొట్టేసి, పిల్లలు అన్నవి అన్నట్టు రాసింది, పేర్లతో సహా. రెండో పాఠం నుంచి ఆ గడి ఖాళీగానే తీసుకెళ్లింది.

బరువుల పాఠానికి కూరగాయల కొట్టు నుంచి తక్కెడ అరువు తెచ్చింది. ఒక పిల్లాడు తన ఎడమ బూటు కుడి బూటుకంటే బరువన్నాడు. తూచి చూస్తే నిజమే, అడుగున బురద ఉంది. అంతే, తరగతి తరగతంతా బూట్లు విప్పేసింది. నాలుగో తరగతి వాళ్లు బీరువా పక్క నుంచి తొంగిచూసి తమవీ విసిరారు. గంట కొట్టేసరికి గది మధ్యలో బూట్ల గుట్ట. పెద్ద టీచరు కుర్చీలోంచి లేవకుండానే, "పాఠం సంగతి దేవుడెరుగు, చెప్పుల కొట్టు పెట్టావమ్మాయ్," అంది. రికార్డులో వదిన ఇలా రాసుకుంది: 'నలభై నిమిషాల్లో పదిహేడు నిమిషాలు జతలు వెతకడానికి సరిపోయింది. ఏది బరువో అందరికీ తెలిసింది. ఎంత బరువో ఎవరికీ తెలియలేదు. లక్ష్యం సగమే నెరవేరింది. రెండు జతలు ఇంకా తేలాలి.'

ఇలాంటివి ముప్పై తొమ్మిది. ఎర్రసిరా వాటినే నమ్మనన్నాడు.

*

ఆ శుక్రవారం సాయంత్రం మరిది సూటిగా అడిగాడు. "వదినా, ఇంత గొడవెందుకు? తల్లి రికార్డు ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది. పట్టుకురా. శని, ఆదివారాల్లో మొత్తం కొత్తగా రాసి పారేస్తా. అచ్చం నీ దస్తూరీలా రాస్తా, నీకే అనుమానమొస్తుంది."

"నీ చేతిరాత బాగుంటే అబద్ధం నిజమైపోతుందా?"

"నిజం రాసి ఏం బావుకున్నావు? పంచనామా అన్నాడు."

"అన్నది ఆయన. నువ్వు కాదు. నువ్వు చదివావు కదా, నీకూ అబద్ధంలా ఉందా?"

"లేదు."

"మరి నోరు మూసుకుని చార్టు రాయి."

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అన్న గుమ్మంలోనే అంతా విన్నాడు. కోప్పడలేదు. నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "సంతకం లేక ఏడాది పోతే, ఆ ఏడాది నీ ఒక్కదానిదే కాదు. అది మాత్రం గుర్తుపెట్టుకో," అన్నాడు.

శనివారం ఒంటిపూట బడి. చార్టు తగిలించడానికి వెళ్లిన మరిదికి పెద్ద టీచరు మాటలు వినిపించాయి.

"ఇంతదానికి ఎందుకమ్మాయ్ అలా ముడుచుకుపోతావ్? నాకు వదిలెయ్. గైడులో ఉన్న జవాబులు కుడివైపు రాసెయ్. నలుగురు తెలివైన పిల్లల్ని పిలిచి నాలుగుసార్లు చెప్పిస్తే చిలకల్లా అప్పజెప్తారు. నీకంటే ముందు వచ్చినవాళ్లందరినీ అలాగే గట్టెక్కించాను."

"వద్దు టీచర్. మీ మేలు మరిచిపోను కానీ, వద్దు."

"మరేం చేస్తావ్?"

"ఆలోచిస్తున్నా."

"నువ్వు ఆలోచిస్తూ ఉండు, బస్సు వెళ్లిపోతుంది."

ఆదివారం మధ్యాహ్నం వదిన మేడమెట్ల మీద రికార్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాఠం గాలి. ఎడమవైపు తొమ్మిది ప్రశ్నలు. కుడివైపు తెల్లగా ఉంది. మరిదిని పిలిచి రెండు మెట్ల కింద కూర్చోబెట్టింది.

"ఒక్కో ప్రశ్నా నన్ను అడుగు."

"నిన్నా? టీచరువి నువ్వు కదా?"

"అడగమన్నానా?"

"గాలి కనిపిస్తుందా?"

వదిన కళ్లు మూసుకుంది. "దీన్ని లాయరును అడుగుతాను. రెండో వరుసలో, జడలు ముందుకేసుకుని కూర్చుంటుందే, ఆ పిల్ల. ఏది అడిగినా ఎదురుకేసు పెడుతుంది. కనిపించదని మాత్రం చచ్చినా అనదు. 'దుమ్ము లేస్తే కనిపిస్తుంది' అంటుంది." కళ్లు తెరిచి కుడివైపు గడిలో ఆ పిల్ల పేరు రాసి, పక్కన ఆ మాట రాసింది.

"బెలూన్లో ఏముంది?"

"కవలల్లో పెద్దవాడు. వాడు జవాబు చెప్పడు. బెలూను చూడగానే 'నేను పేల్చలేదు' అంటాడు."

"ఇంకా పేలలేదు కదా?"

"వాడికి అలవాటు. వాళ్లింట్లో ఏది విరిగినా వాణ్నే అంటారు."

"ఖాళీ సీసాలో ఏముంది?"

"ముందు బెంచీ అమ్మాయి. ఏదిచ్చినా ముందు వాసన చూస్తుంది. పుస్తకమైనా సరే. చూసి, 'నూనె సీసా' అంటుంది."

అలా తొమ్మిదీ నింపింది. రెండుచోట్ల కొట్టేసి మళ్లీ రాసింది. ఒకచోట చాలాసేపు ఆగి, 'ఏమీ చెప్పడు, పక్కవాడి వైపు చూస్తాడు' అని రాసింది. మరిది నిండిన గడి వైపు చూసి, "ఇది పాఠం కాదు వదినా, జూదం," అన్నాడు.

"జూదమే. వాళ్లను ఎనిమిది వారాలు విన్నాను కాబట్టి ఆడుతున్నాను. ముందే నింపమన్నాడు, నింపాను. వాళ్లనేదే రాశానో లేదో రేపు తేలుతుంది."

"తేడా వస్తే?"

"తేడా వస్తే మీ అన్నకు నువ్వే చెప్పు. నాకు ధైర్యం చాలదు."

*

సోమవారం పొద్దున మరిది సైకిలు పంపు, బెలూన్ల పొట్లం, నూనె సీసా మోసుకుని వచ్చాడు. ఎర్రసిరా అప్పటికే వచ్చి పిల్లల బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బెంచీ పొట్టిది కావడంతో మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"ఈ అబ్బాయెవరు?"

"మా మరిది సార్. గాలి కొట్టడానికి వచ్చాడు."

పిల్లలు నవ్వారు. ఎర్రసిరా నవ్వలేదు. రికార్డు తెరిచి, కుడివైపు గడి చదివి, తల ఎత్తి ఆమెను ఒకసారి చూసి, పెన్ను మూత తీశాడు. మరిది కిటికీ అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

"గాలి కనిపిస్తుందా?" లాయరు లేచింది. "కనిపిస్తుంది టీచర్. దుమ్ములో కనిపిస్తుంది. మా వీధిలో రోజూ కనిపిస్తుంది." ఎర్రసిరా టిక్కు పెట్టాడు.

మరిది కొట్టిచ్చిన బెలూను వదిన పైకెత్తి, "ఇందులో..." అనేలోపే కవలల్లో పెద్దవాడు, "నేనేం చెయ్యలేదు టీచర్," అన్నాడు. ఎర్రసిరా పెన్ను ఒక్క క్షణం ఆగింది. టిక్కు పెట్టాడు. ఈసారి కాస్త పెద్దది.

మూడో ప్రశ్న. వదిన ఖాళీ సీసా ముందు బెంచీ అమ్మాయికి ఇవ్వబోయింది. ఆ పిల్ల సీసా వైపు చూడనే లేదు. లేచి, చేతులు కట్టుకుని, గోడనున్న గడియారం మీద చూపు నిలిపి, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది: "ఖాళీ సీసాలో గాలి ఉంటుంది టీచర్ గాలి అన్ని చోట్లా ఉంటుంది టీచర్ గాలి లేకపోతే మనం బతకలేము టీచర్."

వదిన చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆమె కళ్లు పెద్ద టీచరు వైపు తిరిగాయి. పెద్ద టీచరు హాజరుపట్టీలో తల దూర్చి ఏదో కూడుతోంది. పాపం, మేలు చేద్దామనే చేసింది. తరగతిలోకెల్లా బాగా అప్పజెప్పే నలుగురిని గంట కొట్టకముందే పిలిచి గైడు జవాబులు రుబ్బించింది. కుడివైపు గడిలో గైడు జవాబులు లేవని ఆమెకు తెలియదు.

అలా నాలుగు ప్రశ్నలకు నాలుగు చిలక పలుకులు. నాలుగూ పుస్తకం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైన జవాబులే. వదిన రాసినదానితో కలవలేదు కాబట్టి ఎర్రసిరా ఆ నాలుగింటి పక్కనా ఇంటు పెట్టాల్సి వచ్చింది. సరైన జవాబుకు ఇంటు పెట్టడం ఆయనకు కొత్తగా ఉన్నట్టుంది, ప్రతిసారీ పెన్నును పైనే కాసేపు పట్టుకున్నాడు. మిగతా ఐదు కలిశాయి. ఏమీ చెప్పడని రాసినవాడు ఏమీ చెప్పలేదు, పక్కవాడి వైపే చూశాడు.

తొమ్మిదికి ఐదు. కిటికీ అవతల మరిది అన్నకు ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాడు.

గంట కొట్టారు. ఎర్రసిరా లేవలేదు. ముందు బెంచీ అమ్మాయిని దగ్గరికి పిలిచాడు.

"ఖాళీ సీసాలో గాలి ఉంటుందని నీకెవరు చెప్పారమ్మా?"

"పెద్ద టీచరు సార్. పొద్దున. నాకూ ఇంకో ముగ్గురికీ పదిసార్లు చెప్పించారు. మిగతావాళ్లకు చెప్పొద్దన్నారు."

పెద్ద టీచరుకు పొలమారింది. నాలుగో తరగతి వైపు వెళ్లి నీళ్లు తాగింది.

"సరే, ఆవిడ చెప్పింది వదిలెయ్. నువ్వే చూసి చెప్పు. ఇందులో ఏముంది?"

ఆ పిల్ల సీసా తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "నూనె సీసా సార్," అంది.

ఎర్రసిరా ఇంటును కొట్టేసి టిక్కు పెట్టాడు. మిగతా ముగ్గురినీ పిలిచాడు. ఒకడు గాలి మాట వదిలేసి కరెంటు పోయిన సంగతి చెప్పుకొచ్చాడు, అది వదిన రాసిన గడిలో లేదు. ఇంకొకతె మళ్లీ గైడు జవాబే చెప్పింది. మూడోవాడు ఏడుపు ముఖం పెడితే వెళ్లమన్నాడు.

వరండాలోకి వచ్చాక, "తొమ్మిదికి ఆరు," అన్నాడు.

"ఆరే సార్," అంది వదిన.

"నేను ఈ ఇరవై రెండేళ్లూ తొమ్మిదికి తొమ్మిదే చూశాను. ఏ బడికి వెళ్లినా తొమ్మిదే. ఎలా వస్తాయో నాకు తెలియదనుకోకండి." నలభయ్యో పాఠం కింద సంతకం చేశాడు. "మీరు అబద్ధం రాయలేదు. శుక్రవారం అలా అనాల్సింది కాదు."

వదిన ముఖం విప్పారేలోపే రికార్డు మూసి ఆమె చేతిలో పెట్టాడు. "మిగతా ముప్పై తొమ్మిదీ తిరగరాసి బుధవారానికి తెండి."

"సార్?"

"చివరి పరీక్షకు బయటి నుంచి ఒకాయన వస్తాడు. ఆయన ఈ బెంచీ మీద కూర్చోడు. పుస్తకం చూస్తాడు. 'లక్ష్యం నెరవేరలేదు' అని పదకొండుచోట్ల ఉంటే మిమ్మల్ని ఆపుతాడు, దీన్ని ఎలా ఒప్పుకున్నావని నన్నూ అడుగుతాడు. అందరిలా రాసి తెండి. కళ్లు మూసుకుని సంతకం పెడతాను."

"నేను నిజమే రాశానని ఇప్పుడే కదా సార్ ఒప్పుకున్నారు? ఇదేం న్యాయం?"

"న్యాయం కాదమ్మా. నమూనా," అన్నాడు ఆయన. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "జవాబుల పక్కన పేర్లు మాత్రం మీ తరగతివే వేయండి. హాజరుపట్టీతో సరిచూస్తారు," అన్నాడు.

*

ఇంటికి వస్తూ బండి వెనక కూర్చున్న మనిషి ఉందో దిగిపోయిందో తెలియక మరిది రెండుసార్లు అద్దంలో చూసుకున్నాడు.

సాయంత్రం అన్న వచ్చాడు. "ఏమైంది?" అన్నాడు.

"తిరగరాస్తే సంతకం పెడతాడట."

"మంచిదే కదా?"

"మంచిదే."

అన్న చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "సంతకం పెడతానంటే సంతోషించాలి గానీ, పెళ్లి చెడిపోయినట్టు కూర్చుంటారా ఎవరైనా?" అంది.

వదిన కొత్త పుస్తకం తెరిచింది. తేదీ రాసింది. తరగతి రాసింది. పాఠం పేరు, పక్షులు అని రాసింది. ఎడమవైపు ప్రశ్న రాసింది. కుడివైపు గడి దగ్గర పెన్ను ఆగింది. పక్కన తల్లి రికార్డు తెరిచే ఉంది, తనతో చదివే పిల్ల దగ్గర తెచ్చుకుంది. అందులో చూసి 'పక్షుల' అని రాసి ఆపింది. వంటింట్లోకి వెళ్లి వచ్చింది. మళ్లీ కూర్చుంది. అదే మాట దగ్గర మళ్లీ ఆగింది.

మరిది ముందుగదిలో నేల మీద బోర్లా పడుకుని ఒక నంబరు ప్లేటుకు స్టిక్కరు కత్తిరిస్తున్నాడు. వదిన రెండు పుస్తకాలూ తెచ్చి అతని ముందు పెట్టింది.

"శుక్రవారం ఏదో అన్నావు. మొత్తం రాసి పారేస్తానని."

"అన్నాను. నోరు మూసుకోమన్నావు."

"ఇప్పుడు తెరువు. రాసిపెట్టు. నా చేత్తో రావడం లేదు."

అతను లేచి కూర్చున్నాడు. గెలిచినట్టు ఒక మాట అందామనుకున్నాడు. ఆమె ముఖం చూసి ఆ మాట మింగేశాడు. "బుధవారానికే కదా? రేపు షాపుకు సెలవు పెడతాను," అన్నాడు. పుస్తకం దగ్గరికి లాక్కుని, "పేర్లేవి? హాజరుపట్టీ రాసుకొచ్చావా?" అని అడిగాడు.

వదిన అక్కడే గడప మీద కూర్చుంది.

"రాసుకొచ్చాను, కానీ ఇవ్వను. ప్రశ్నలు రాయి. జవాబులు దాంట్లో ఎలా ఉంటే అలా రాయి. లక్ష్యాలన్నీ నెరవేరాయని రాయి, నాకేం అభ్యంతరం లేదు. పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు మరిదీ. వాళ్లు అనని మాట వాళ్ల పేరు మీద వేయకు. ముప్పై తొమ్మిదిలోనూ 'ఒక విద్యార్థి' అనే రాయి. ఎవరా విద్యార్థి అని అడిగితే నేను చెప్పుకుంటాను."